తొమ్మిదో వాడ గురించి నేను చెప్పిన జవాబు

తరలింపు ముప్పై ఒకటో ఏడు. ఆషాఢం, ఆరో రోజు.

ఎండ మొహం చూసి పంతొమ్మిది రోజులైంది. ఉతికిన చీరలు గదిలో దండెం మీదే ఉండి ఉండి నాచువాసన కొడుతున్నాయి. రేపు సభకు కట్టుకోవాల్సినదాన్ని పొయ్యి సెగకు పట్టుకుని ఆరబెడుతుంటే పరాంకుశంగారు ఫైలు పట్టుకుని వచ్చారు. ఆయన నా కార్యదర్శి. నాకంటే ముందు ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేసి, ముగ్గురినీ గుమ్మందాకా సాగనంపిన మనిషి.

నాకు మొదట గృహవసతి శాఖ ఒక్కటే ఇచ్చారు. న్యాయశాఖ చూసేవాడు, విద్యాశాఖ చూసేవాడు ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో బాగాలేదని తప్పుకున్నారు. ఇప్పుడు మూడూ నా నెత్తినే ఉన్నాయి. రేపు మూడు శాఖల మీదా కలిపి పదకొండు ప్రశ్నలు.

"ఒక్కసారి అనండమ్మా. పరిశీలనలో ఉంది," అన్నారు పరాంకుశంగారు.

"పరిశీలనలో ఉంది."

"తగిన చర్యలు తీసుకుంటాం."

"తీసుకుంటాం. ఎన్నిసార్లు చెప్పిస్తారండీ, చిన్నపిల్లకు పద్యం నేర్పినట్టు?"

ఆయన నవ్వలేదు. "ఈ రెండు మాటలకీ అమలు కదలదు. మిగతా ఏ మాటకైనా కదులుతుంది. ‘ఇస్తాం’ అన్నా ‘ఇచ్చేశాం’ అన్నా దానికి ఒకటేనని మర్చిపోకండి."

మర్చిపోలేదు. మెట్టనగరంలో ఎవరూ మర్చిపోరు. సముద్రం తీరం మొత్తాన్నీ మింగి, మేమంతా కొండలెక్కిన తొలి రోజుల్లో మంత్రులు సభలో మాటలిచ్చేవారు, జనం ప్లాస్టిక్ పట్టాల కింద తడిసేవారు. విసిగిపోయిన జనం ఓట్లు వేసి మరీ తెచ్చుకున్న యంత్రం ఈ అమలు. మంత్రి సభలో చెప్పిన జవాబును అది వింటుంది. అర్థమైతే ఆ పూటే జరిపించేస్తుంది. ఇళ్ల తలుపులు, బడి పట్టీలు, వాడ కోర్టులు, ఇళ్ల కోసం కాచుకున్నవాళ్ల వరస, అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. అందుకే ఇప్పుడు మంత్రులు మాట ఇవ్వరు.

ఏడో ప్రశ్న తొమ్మిదో వాడ నుంచి వచ్చింది. అడిగినవాడు పిన్నింటి తవిటయ్య, అక్కడి బడిలో పంతులు. ‘మా వాడ కట్టడాలు పగుళ్లు తీస్తున్నాయి. ప్రమాదకరమైన కట్టడాల్లో ఎన్ని కుటుంబాలు ఉంటున్నాయో మంత్రిగారు చెప్పగలరా?’

ఫైల్లో జవాబు: ‘ప్రమాదకరమని గుర్తించిన కట్టడాల్లో ఎవరూ నివసించడం లేదు.’

"ఎన్నింటిని గుర్తించాం?" అని అడిగాను.

"ఒక్కదాన్నీ గుర్తించలేదమ్మా. కాబట్టి వాటిలో ఎవరూ లేరు."

ఆ మాటకు నేను నవ్వాను. రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ నవ్విన మాట నిజం.


ఏడో రోజు.

న్యాయం మీద మూడు ప్రశ్నలు తేలిగ్గానే జరిగిపోయాయి. క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఎందరు, వాడ కోర్టుల్లో మనిషి జడ్జీలను మళ్లీ పెడతారా. పరిశీలనలో ఉంది. విద్య మీద మూడు. చిరునామా లేని పిల్లలకు బడి ఎందుకు లేదని ఒకాయన గొంతు చించుకున్నాడు. తగిన చర్యలు తీసుకుంటాం.

ఏడో ప్రశ్నకు తవిటయ్య పౌరుల బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. తడిసిన చొక్కా, భుజానికి గుడ్డసంచి. సంచిలోంచి గోడపెచ్చు ఒకటి తీసి పైకెత్తి చూపించాడు.

"ఇది మా బడి గోడదండి. ఇప్పుడు ఆ కంతలోంచి సెయ్యి పెడితే అవతల తరగతిలో పిల్లలకి తగులుతాది."

"ప్రశ్న అడగండి," అన్నారు సభాపతి.

"అడుగుతున్నానండి." పెచ్చు అంచును నాలుకతో తాకాడు. "ఉప్పగా ఉంది. ఇది సముద్రపు ఇసక. కడిగినా పోదు. లోపలున్న ఇనపసువ్వల్ని తినేస్తాది. మేడమ్‌గారు మా తీరం మనిసే. ఓపాలి నాకి సూస్తే ఆరికీ తెలిసిపోతాది. ఇలాటి వాటిల్లో ఎంతమందిమి ఉన్నామో సెప్పమనండి, సాలు."

ప్రతిపక్షం బల్లలు చరిచింది. "నాకండి, నాకండి" అని ఎవరో అరిచారు. సభంతా నవ్వింది. ఏడేళ్ల కిందట ఆ కట్టడాలకు రిబ్బన్ కత్తిరించింది నేనే. ఫైలు మూసేశాను.

"అధ్యక్షా, ప్రమాదకరమైన కట్టడాల్లో ఒక్క కుటుంబం కూడా నివసించడం లేదు. ఇది నా మాట."

నా ముందున్న చిన్న దీపం పచ్చగా వెలిగింది. అది వెలిగితే అమలు విన్నదని, అర్థం చేసుకుందని లెక్క. కోపంలో నేను దాన్ని చూసుకోలేదు. అధికారుల వరసలో పరాంకుశంగారు సగం లేచి అలాగే ఆగిపోవడం మాత్రం కనిపించింది.

‘గుర్తించిన’ అన్న ఒక్క మాట నేను వదిలేశాను.

సాయంత్రం సభ ముగిసి బయటికొచ్చాక పరాంకుశంగారు చెప్పారు. గోడల్లో పెట్టిన కొలత పరికరాలు ఆరేళ్లుగా పగుళ్లను కొలుస్తూనే ఉన్నాయట. అమలుకు అంతా తెలుసు. ఏది ప్రమాదమో దాన్ని అడిగినవాళ్లు లేరు, అంతే. నా జవాబు వినగానే అది తొమ్మిదో వాడలో నాలుగు కట్టడాలు ప్రమాదకరమని తేల్చింది. వాటిలో నాలుగువందల పన్నెండు కుటుంబాలు ఉన్నాయి. రెండు గంటలు గడువిచ్చి, అందర్నీ బయటికి పంపి, తలుపులు మూసేసింది.

"ఎక్కడికి పంపింది?" అన్నాను.

"ఎక్కడికో మీరు చెప్పలేదు కదమ్మా."


ఎనిమిదో రోజు.

తొమ్మిదో వాడకు వెళ్లాను. పరాంకుశంగారు వద్దన్నారు, అయినా గొడుగు పట్టుకుని కూడా వచ్చారు.

రోడ్డు పొడవునా ప్లాస్టిక్ పట్టాలు. వాటి కింద మంచాలు, బిందెలు, తడిసిన బియ్యం సంచులు. ఒకామె కట్టడం తలుపు దగ్గర నిలబడి పలక మీద అరచెయ్యి ఆనిస్తోంది, తీస్తోంది, మళ్లీ ఆనిస్తోంది. నిన్నటిదాకా ఆ చెయ్యి చూసి తెరుచుకున్న తలుపు అది.

ఒక పెద్దాయన నా కాళ్లకు దండం పెట్టబోయాడు. "కొత్త ఇళ్లు ఇత్తారంట కదా తల్లీ? అందుకే గదా కాళీ సేయించినారు?" అన్నాడు. నేను ఆయన్ని లేపాను. సభ బయట నా మాటకు ఏ బలమూ లేదు. మళ్లీ సభ ఇరవై ఎనిమిదో రోజున.

తవిటయ్య ఒక పట్టా కింద నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పిస్తున్నాడు. పిల్లలకు చిరునామా పోయింది కాబట్టి నిన్న సాయంత్రమే బడి పట్టీలోంచి వాళ్ల పేర్లు పోయాయి. విద్యాశాఖ కూడా నాదేనని అప్పుడు గుర్తొచ్చింది.

నన్ను చూసి లేచాడు. తిడతాడనుకున్నాను.

"రండి మేడమ్. తడిసిపోతన్నారు, లోపలికి రండి."

"మాస్టారూ, నేను ఇలా..."

"మీరు సెప్పినప్పుడు అబద్ధమండి అది. సాయంత్రానికి నిజమైపోయింది." అంతే అన్నాడు. ఆ గొంతులో ఎకసెక్కెం లేదు. లెక్క తప్పిన పిల్లకు తప్పెక్కడుందో చూపించినట్టు చెప్పాడు.

ఆయన భార్య అసిరమ్మ పొయ్యి రాజేయాలని తంటాలు పడుతోంది. పుల్లలు అంటుకోవడం లేదు. దగ్గుతోంది. నాకు స్టీలు గ్లాసుతో గోరువెచ్చటి నీళ్లిచ్చింది.

"టీ ఎట్టుదును, పాలు నేవు. ఏటనుకోకమ్మా," అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "నీదే ఊరు? మునిగిపోకముందు?" అని అడిగింది.

చెప్పాను. తీరంలో మా ఊళ్ల మధ్య రెండు కోసుల దూరం. మా పేట చేపలు వాళ్ల సంతకు వచ్చేవట. ఆవిడ కాసేపు ఆ సంత గురించే మాట్లాడింది. ఎప్పుడు ఇంట్లోకి వెళ్లనిస్తారని ఒక్కసారి కూడా అడగలేదు.

తిరిగి వచ్చాక ముఖ్యమంత్రికి ఫోన్ చేశాను.

"ఊర్మిళా, పత్రికలు చూశావా? ప్రమాదం రాకముందే ఖాళీ చేయించిన మంత్రి అని రాశారు. మంచి పేరొచ్చింది. దాన్ని కదపకు," అన్నాడాయన.

"వాళ్లు రోడ్డు మీద ఉన్నారండీ."

"సభ దాకా ఆగు. ఇంకొక్క మాట. ఈసారి ఫైల్లో ఉన్నదే చదువు. లేనిది చదివితే చట్టం నీకు తెలుసుగా."

తెలుసు. మంత్రివర్గం ఆమోదించని జవాబు సభలో చెబితే రెండేళ్లు జైలు. ఆ చట్టం న్యాయశాఖది.


పదమూడో రోజు.

నిన్న ఇరవైమూడుమంది తలుపులు పగలగొట్టి లోపలికి వెళ్లారు. కొందరు దుప్పట్ల కోసం, కొందరు మందుల కోసం. తవిటయ్య అసిరమ్మ దగ్గుమందు, ఆవిడ ఉన్ని శాలువ తేవడానికి వెళ్లాడు. వస్తూ వస్తూ బడి గదిలోంచి పలకలు కూడా తెచ్చాడట.

అందర్నీ పట్టుకున్నారు. వాడ కోర్టులో విచారణ మనిషికి అర నిమిషం కూడా పట్టలేదు. ఖాళీ చేసిన కట్టడంలో చొరబాటు, నలభై ఐదు రోజులు. శిక్ష పడిన కుటుంబాలను ఇళ్ల వరసలోంచి తీసేస్తారు.

క్షమాభిక్ష ఫైలు తెప్పించుకున్నాను. పది పేజీల తర్వాత ఒక గీత, దాని కింద ‘సభలో మంత్రి ప్రకటించిన మీదట’ అని ఉంది. ప్రతి దారీ ఆ సభ గదికే వెళుతోంది. ఆ గది తలుపులు ఇంకో పదిహేను రోజులకు గానీ తెరవరు.

సాయంత్రం నాలుగింటికి జైలుకు వెళ్లాను. తవిటయ్య ఊచల అవతల బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆవిడకి మందు ఇప్పించాను. డాక్టర్‌ని పంపాను," అన్నాను.

"సల్లగా ఉండండి మేడమ్."

"సభలో నా మాట వెనక్కి తీసుకుంటాను మాస్టారూ. ఆ కట్టడాలు ప్రమాదకరం కావని చెబుతాను. తలుపులు తెరుచుకుంటాయి."

ఆయన గభాల్న లేచాడు. మొదటిసారి ఆ గొంతులో కోపం విన్నాను.

"వొద్దు! అలగ సెప్పకండి. నాను అబద్దం అడగలేదు. అవి పడిపోతాయండి. నిజంగా పడిపోతాయి. గోడలో సెయ్యెట్టి సూసినాను నాను. పిల్లల్ని మళ్లీ దాంట్లోకి తోలేస్తారా?"

"మరి రోడ్డు మీద..."

"రోడ్డు మీదా వొద్దు, దాంట్లోనా వొద్దు. మూడోది ఏదో మీరు సూడాలి. నాను పంతుల్నండి. మంత్రి మీరు."

ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా దగ్గర మూడోది లేదు.


ఇరవై రెండో రోజు.

ఈ ఉదయం అసిరమ్మ చనిపోయింది. డాక్టర్ ఇచ్చిన మందులు పట్టా కింద, నీళ్లలో నానిన పక్క మీద, ఏం పనిచేస్తాయి? పొద్దున ఆరింటికి ఊపిరి తీసుకోవడం కష్టమైందట. ఏడింటికి నాకు కబురొచ్చింది. ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి పక్క పట్టావాళ్లు మొహం మీద గుడ్డ కప్పారు.

మరణం నమోదు చేయించబోతే అమలు తీసుకోలేదు. చిరునామా లేని మనిషి పేరు జనాభా పట్టీలో ఉండదు. పట్టీలో లేని మనిషి చనిపోవడం కుదరదు. పరాంకుశంగారు మూడుసార్లు ప్రయత్నించి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

తవిటయ్యకు నేనే వెళ్లి చెప్పాను.

"పక్కన ఎవరున్నారు?" అన్నాడు.

"పక్క పట్టాలో ఉండే నీలవేణి. చెయ్యి పట్టుకునే ఉందట."

"నీలవేణి మంచి పిల్ల. నా దగ్గరే సదువుకుంది," అన్నాడు. తర్వాత, "శాలువ కప్పినారా?" అని అడిగాడు.

ఆ శాలువను కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. న్యాయశాఖ బీరువాలో ఉంది. ఆ మాట ఆయనకు చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో. ఇక ఆయన ముందు చెప్పలేకపోయాను.

అంత్యక్రియలకు ఆయనకు రెండు గంటలు సెలవిచ్చారు. కానిస్టేబులు వెంట ఉన్నాడు. వానలో కట్టెలు అంటుకోక చాలా ఇబ్బందైంది.


ఇరవై ఏడో రోజు.

రేపు సభ. మళ్లీ తొమ్మిదో వాడ మీదే ప్రశ్న. ఫైల్లో జవాబు: ‘పునరావాసం పరిశీలనలో ఉంది.’

మధ్యాహ్నం పరాంకుశంగారు నా ఎదుట కూర్చుని, కాగితాలు సర్దుతూ, నా వైపు చూడకుండా మాట్లాడారు.

"పై వాడలో ప్రభుత్వ అతిథుల కోసం ఉంచిన ఇళ్లున్నాయి. నూట అరవై. కొన్నింటికి కట్టిన దగ్గర్నుంచీ తాళం తియ్యలేదు. ఆ సంగతి ఈ ఫైల్లో ఎక్కడా లేదు. నేను మీకు చెప్పనూ లేదు."

"అవి గట్టి ఇళ్లేనా?"

"నది ఇసకతో కట్టారమ్మా. పెద్దవాళ్లు దిగేవి కదా."

మళ్లీ ఆయనే అన్నారు. "నాకు ఇంకా ఏడాది సర్వీసుంది. మీతో కలిపి నలుగురు మంత్రులకు ‘పరిశీలనలో ఉంది’ నేర్పాను. మా ఆవిడ అడుగుతుంది, రోజంతా ఆఫీసులో ఏం చేస్తారని. ఇన్నేళ్లలో ఒక్కసారీ జవాబు చెప్పలేకపోయాను."

టీ తాగకుండానే వెళ్లిపోయారు.

నాలుగువందల పన్నెండులో నూట అరవై. మిగిలినవాళ్ల మాటేమిటని సాయంత్రం దాకా ఆలోచించాను. నాకు దొరికింది ఇంతే.


ఇరవై ఎనిమిదో రోజు.

ఇది జైలు గదిలో రాస్తున్నాను. కాగితం, పెన్సిలు ఇచ్చారు.

ప్రశ్న చదివారు. లేచాను. ముఖ్యమంత్రి నా వైపు చూసి, ఫైలు కేసి కళ్లతోనే చూపించాడు.

"అధ్యక్షా, పై వాడలోని నూట అరవై అతిథి గృహాల్లో తొమ్మిదో వాడ కుటుంబాలు నివసిస్తున్నాయి. వాళ్ల పిల్లల పేర్లు బడి పట్టీలో ఉన్నాయి. తలుపులు పగలగొట్టినందుకు శిక్ష పడిన ఇరవైమూడుమందినీ..."

అక్కడ మైకు కోసేశారు. దీపం అప్పటికే పచ్చగా వెలిగింది. కానీ మూడో వాక్యం సగంలో ఆగిపోయింది. అమలుకు సగం వాక్యం అర్థం కాదు.

నన్ను మెట్లమీంచి దింపుతుంటే పై వాడ దారిలో తలుపులు తెరుచుకోవడం మొదలైందని ఎవరో అంటున్నారు. పరాంకుశంగారు మెట్ల కింద నిలబడి ఉన్నారు. దండం పెట్టారు. నేను కూడా పెట్టాను.

వాడ కోర్టు నా విచారణ కూడా అర నిమిషంలోనే ముగించింది.


శ్రావణం, ఇరవై ఒకటో రోజు.

వార్డరమ్మ చెప్పింది. నిన్న ఉదయం పదింటికి తొమ్మిదో వాడలో బడి ఉన్న కట్టడం కూలిపోయిందట. మధ్యాహ్నానికి దాని పక్కది కూడా. లోపల ఎవరూ లేరు.

"మీ మాట వల్లే బతికాం అంటన్నారమ్మా జనం," అంది. ఆ పూట నాకు అన్నం ఒక గరిటె ఎక్కువ వేసింది. తినలేకపోయాను.


శ్రావణం, ముప్పయ్యో రోజు.

ఈరోజు తవిటయ్య వచ్చాడు. మొన్న విడుదలయ్యాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. ఊచలకు ఈసారి నేను లోపల, ఆయన బయట.

బయటి సంగతులు చెప్పాడు. వరస ప్రకారం నూట అరవై కుటుంబాలు పై వాడలోకి వెళ్లాయి. ఒక్కో ఇంట్లో తమతో పాటు ఇంకో కుటుంబాన్ని చేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అలా ఇంకో తొంభై కుటుంబాలు నీడకు చేరాయి. మిగతావాళ్లు ఇంకా రోడ్డు మీదే. శిక్ష పడిన ఇరవైమూడు కుటుంబాలు వరసలో లేవు కాబట్టి ఆయనకు ఇల్లు రాలేదు. శిక్ష పడిన మనిషికి బడిలో ఉద్యోగం కూడా ఉండదు. నీలవేణి వాళ్ల వరండాలో పడుకుంటున్నాడు.

"మూడో వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను మాస్టారూ," అన్నాను.

"విన్నానండి." "ఊళ్లో మిమ్మల్ని దేవతంటన్నారు. ముందే తెలిసి కాళీ సేయించిందంటన్నారు. అమలు పుస్తకంలోనూ అలాగే ఎక్కిందంట. ప్రమాదం గుర్తించి మంత్రి ప్రజలను తరలించిరి అని."

ఊచల దగ్గరికి ఇంకాస్త జరిగాడు.

"మీకు తెలుసా మేడమ్? ఆ రోజు సభలో సెప్పినప్పుడు?"

"తెలీదు. మీ మీద కోపం వచ్చి అన్నాను."

"నాకు తెలుసు, మీకు తెలీదని." ఆ మాట మెల్లగా అన్నాడు. "నాను వొచ్చింది దానికి కాదండి. మా అసిరమ్మ పేరు ఏ పుస్తకంలోనూ నేదు. పుట్టినట్టూ నేదు, సచ్చిపోయినట్టూ నేదు. ముప్పైయేళ్లు నాతో కాపరం సేసిన మనిసి. మీ సేత్తో ఒక కాగితం రాసివ్వండి. మీరిప్పుడు మంత్రి కాదు, మీ మాటకి దీపం ఎలగదు, తెలుసు. అయినా రాసివ్వండి."

రాశాను. పెన్సిలు మొద్దుబారితే వార్డరమ్మ చాకుతో చెక్కి ఇచ్చింది. ఊచల్లోంచి కాగితం అందించాను. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి, ఒక పుల్ల విరిగిన ఆ అద్దాలను చేత్తో పట్టుకుని, పైకే చదివాడు.

"పిన్నింటి అసిరమ్మ, వయసు యాభై, భర్త తవిటయ్య, తొమ్మిదో వాడ, రెండో కట్టడం. ముప్పై ఒకటో ఏడు ఆషాఢం ఇరవై రెండో రోజు ఉదయం రోడ్డు పక్కన పట్టా కింద వర్షం వల్ల మరణించింది..."

అక్కడ ఆగాడు. ఆ మాట మీద వేలు పెట్టి, కాగితాన్ని ఊచల్లోంచి నాకు తిరిగి ఇచ్చాడు.

"వర్సం వల్ల కాదండి," అన్నాడు.

నేను పెన్సిలు తీసుకున్నాను. ‘వర్షం వల్ల’ అన్నదాన్ని కొట్టేశాను. దాని పైన ‘గృహవసతి మంత్రి మెండ ఊర్మిళ సభలో చెప్పిన అబద్ధం వల్ల’ అని రాశాను. కింద సంతకం పెట్టాను. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని రాయడం వల్ల సంతకం సరిగ్గా రాలేదు. దాని పక్కనే ఇంకోసారి పెట్టాను.

ఆయన మళ్లీ మొదట్నుంచి చివరిదాకా చదివాడు. ఈసారి పైకి చదవలేదు. తల ఊపి, నాలుగు మడతలు పెట్టి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"వస్తానండి. పట్టా కింద పిల్లలు కాసుకునుంటారు," అన్నాడు.

వార్డరమ్మ తలుపు తీసింది. బయట వాన కురుస్తూనే ఉంది. ఆయనకు గొడుగు లేదు. చొక్కా మీద ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.